ఖాళీ మగ్గం మీద చీర

మే నెల రెండో మంగళవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు ధర్మవరంలో ఒక నేత ఇంటి ముందు మా జీపు ఆగింది. డెబ్బైల చివర్లోని మాట. పదకొండుకు వస్తామని కబురు పెట్టి పది నిమిషాలు ఆలస్యం చేసినందుకు జర్మనీ నుంచి వచ్చిన పెద్దావిడ వాచీ చూసుకుని మూతి బిగించింది. అందుకే టైము నాకింకా గుర్తు. మన వైపు పది నిమిషాలను ఎవరూ ఆలస్యం కింద జమ కట్టరు.

జర్మనీకి పోయే నర్సులకు భాష నేర్పే కుర్ర టీచర్లు ఈమధ్య నా దగ్గరికి వస్తున్నారు. మీ అనుభవాలు రాయండి సార్, మాకు పనికొస్తాయి అంటారు. పాఠం ఎట్లా చెప్పాలో నా దగ్గర నేర్చుకునేది పెద్దగా లేదు. చిన్నప్పుడు నేను బడికి పోయినవాణ్ని కాను. రాయగలిగింది ఆ ఒక్క పూట సంగతి. అందులో పనికొచ్చేది ఏముందో మీరే చూసుకోండి. నాకైతే ఇన్నేళ్లకూ తేలలేదు.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను ఆ జీపులో ఎందుకున్నానో మీకు అర్థం కాదు. మాది నల్లమాడ దగ్గర పల్లె. వాన పడితే వేరుశనగ, పడకపోతే దుమ్ము. మీసాలు వచ్చేదాకా గొర్రెల వెనక తిరిగాను. ఒక కరువులో గొర్రెలు పోయాయి. అప్పట్లో మా జిల్లాలో ఒక జర్మన్ డాక్టరు చిన్న ఆసుపత్రి నడిపేవాడు. ఆయన ఇంట్లో గిన్నెలు తోమే పనికి కుదిరాను. ఆ కుటుంబం తిరిగి వాళ్ల దేశానికి పోతూ నన్ను కూడా తీసుకుపోయింది. అక్కడ ఒక పెద్దాసుపత్రి వంటశాలలో పడ్డాను. నా పక్కన నిలబడి కూరగాయలు తరిగేవాళ్లు టర్కీవాళ్లు, గ్రీసువాళ్లు. ఒకరి మాట ఒకరికి తెలియదు. మా అందరికీ తెలిసిన భాష ఒకటే, వంటశాల పెద్ద అరిచే జర్మన్. నేను మొదట నేర్చుకున్న జర్మన్ మాటల్లో సగం ఇక్కడ రాయకూడనివి.

అక్షరాలు నాకు పాతికేళ్లు దాటాక వచ్చాయి. బయటి దేశాల కూలీలకు సాయంకాలం బడి ఉండేది. ముందు జర్మన్ అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు తర్వాత, ఊరికి తిరిగొచ్చాక, బస్సు బోర్డులు, సినిమా పోస్టర్లు చూసి కూడబలుక్కున్నాను. ఇప్పటికీ నా రాతలో ఒత్తులు అటూ ఇటూ పోతుంటాయి. దిద్దేవాళ్లు దిద్దుకుంటారు.

ఆ వంటశాలలోనే నేను టీచరునయ్యాను. కొత్తగా వచ్చినవాళ్లకు నోటితో భాష నేర్పమని నాకు అప్పగించారు. పుస్తకం లేదు. గరిటె ఎత్తి గరిటె అనిపించాలి. మరిగే గంజి చూపించి "జాగ్రత్త" అనిపించాలి. కడుపు మీద చెయ్యి పెట్టుకుని "ఇక్కడ నొప్పి" అనిపించాలి. కొన్నాళ్లకు కొరియా నుంచి వచ్చిన నర్సులను కూడా నా దగ్గరికే పంపారు. వాళ్లు చదువుకున్నవాళ్లు, నెల తిరక్కుండా నన్ను దాటిపోయారు. దాటిపోతూ ఒక గొడుగు కొనిచ్చారు. నాకు ఉద్యోగంలో దక్కిన సన్మానం అదే.

ఇట్లా ఉండగా ఒక జర్మన్ సేవాసంస్థ మన కరువు ప్రాంతపు ఆడపిల్లలను తీసుకుపోయి మూడేళ్లు నర్సు పని నేర్పించి, నెలనెలా జీతమిచ్చి, తిరిగి పంపే ఏర్పాటు చేసింది. ముందుగా ఇక్కడే భాష నేర్పడానికి తెలుగువాడు కావాలన్నారు. అట్లా నేను అనంతపురం వచ్చాను. ఒక అద్దె మిద్దె, ఒక నల్లబల్ల, జట్టుకు ఏడుగురు పిల్లలు. ఏడుగురిలో ముగ్గురికే చోటు. భాష వస్తే చాలదు, కరువు దెబ్బ తిన్న ఇంటి పిల్ల అయి ఉండాలి. అది వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు.

ఆ కట్టుబాటుకు మనవాళ్లు మొదటి ఏడాదే చిల్లు పొడిచారు. ఒక ఆసామి పశువులను వేరే ఊరికి తోలి, బీరువా పక్కింట్లో పెట్టించి, కూతురికి చిరిగిన లంగా కట్టించి, మేం బీదవాళ్లం అన్నాడు. పిల్ల జర్మనీ పోయాక, మాకు రైసుమిల్లు ఉందని అక్కడ స్నేహితురాలితో ముచ్చటగా చెప్పుకుంది. సంస్థవాళ్లకు తల కొట్టేసినట్లయింది. అప్పటినుంచి పెద్దావిడ స్వయంగా వచ్చి ఇళ్లు చూసి తేల్చడం మొదలుపెట్టింది. నర్సుల బడి ఆమె చేతికిందే నడిచేది. మంచి మనిషి. కాకపోతే ఒకసారి మోసపోయిన మంచి మనిషి.

రెండో ఏడు నా ఏడుగురిలో ధర్మవరం పిల్ల మీద నాకు ఆశ ఉండేది. నేతగాడి కూతురు, పది పాసయింది. పట్టునూలు చుట్టిన చేతులు కాబట్టి కూర్చున్నచోట వేళ్లు ఊరికే ఉండేవి కావు. జర్మన్ మాటను కూడా నూలు మాదిరే చుట్టేది. ఎక్కడ చిక్కు పడితే అక్కడికే తిరిగొచ్చి, చిక్కు పోయేదాకా ఇంకో మాట ముట్టుకునేది కాదు.

"సార్, ఈ భాష మాట్లాడతాంటే గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్లుండాది" అనేది.

"ఆ ముల్లే నీకు కూడు పెడతాది. మింగు."

"మింగితే మీ మాదిరి గొంతు అవుతాదేమో సార్."

పిల్లలంతా నవ్వేవాళ్లు. నేను కూడా నవ్వేవాణ్ని. ఆమె నవ్వు ఎక్కువసేపు నిలిచేది కాదు. ఇంట్లో సంగతి అట్లా ఉండింది. వానలు లేక పెళ్లిళ్లు తగ్గాయి, పెళ్లిళ్లు తగ్గితే పట్టుచీర కొనేవాళ్లు లేరు. షావుకారు పట్టూ జరీ ఇస్తే నేతగాడు నేస్తాడు. షావుకారు ఇవ్వకపోతే మగ్గం ఉన్నా లేనట్టే. వాళ్ల మగ్గం నాలుగు నెలలుగా ఖాళీ. పైగా తండ్రికి చూపు మందగిస్తోంది. రేపు పని వచ్చినా సన్న జరీ పని ఆయన చేతికి ఇవ్వరు. ఆమె జర్మనీ పోతే ఇల్లు నిలుస్తుంది. పోకపోతే నిలిచే దారి నాకు కనపడలేదు.

పెద్దావిడ రావడానికి ముందు వారం నేను ధర్మవరం పోయి తండ్రితో మాట్లాడాను. మగ్గం గుంట గట్టు మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్లిచ్చాడు.

"అన్నా, వచ్చేవాళ్లు మీ ఇల్లు చూసేకి వస్తాండారు. ఉన్నది ఉన్నట్టే ఉంచు. ఏమీ సర్దద్దు. ఈ ఖాళీ మగ్గం ఖాళీగానే కనపడాల."

ఆయన నవ్వాడు. "పిల్లను చూసేకి వచ్చినోళ్లకు ఖాళీ మగ్గం చూపిస్తారా సార్ యాడన్నా?"

"ఇది పెళ్లిచూపులు కాదన్నా."

"నాకు తెల్దా సార్. పెండ్లంటే కదిరికో, ఇందూపురానికో ఇస్తాం. ఏమన్నా అయితే పొద్దున బస్సెక్కి పోయి అడుగుతాం. ఈడ నా పిల్ల సముద్రం దాటి పోతాండాది. యాడికని పోయి అడుగుదు?"

"బీదోళ్లని తెలిస్తేనే తీసుకుంటారన్నా. అది వాళ్ల రూలు."

"బీదోళ్ల పిల్లని తెలిస్తే ఆడ ఏం పనికి పెడతారు సార్? నర్సమ్మ పనికా, పాచి పనికా? ఇల్లూ వాకిలీ ఉండాది, అడిగేవాళ్లు ఉండారు అని తెలిస్తేనే గదా మర్యాద. మీరు ఆడ ఉండొచ్చినారు. మీరే చెప్పండి. మిమ్మల్ని ఏం పనికి పెట్టినారు?"

నన్ను గిన్నెలు తోమే పనికి పెట్టారు. ఆ మాట చెప్పలేక గొంతు పెంచాను.

"అదంతా నాకు తెల్దు. ఏమీ సర్దద్దు. అంతే."

"అట్లనే సార్" అన్నాడు.

పదేళ్లకు పైగా నేను సరే అంటే సరే అని అర్థమయ్యే దేశంలో ఉండి వచ్చాను. మా వైపు పెద్దమనిషి ఎదురుగా కాదనలేక అట్లనే అంటారని, ఆ మాటతో సంగతి ముగిసిందే తప్ప ఒప్పుకోలు కాదని నేను మరిచిపోయాను. నిశ్చింతగా బస్సెక్కాను.

ఇక ఆ మంగళవారం. జీపులో పెద్దావిడ, ఆమె వెంట జర్మనీ నుంచి వచ్చిన కుర్ర ఉద్యోగి, మెడలో కెమెరాతో. ముందు సీట్లో నేను, డ్రైవరు. డ్రైవరు అనంతపురం సాయిబు, ఊళ్లన్నీ తెలిసినవాడు. వీధి మలుపు తిరగ్గానే బ్రేకు మీద కాలు పెట్టాడు.

"సార్, అడ్రసు కరెక్టేనా? ఈడ షాదీ జరుగుతాండాది."

అడ్రసు కరెక్టే. ఇంటికి మామిడాకుల తోరణం. బిందె నీళ్ల కోసం ఆడవాళ్లు పొద్దంతా కాసుకునే ఆ వీధిలో వాకిలి నిండా తడి ఆరని కళ్లాపి, దాని మీద పెద్ద ముగ్గు. తండ్రి ఇస్త్రీ చొక్కాలో ఎదురొచ్చాడు. తల్లి జరీ అంచు పట్టుచీర కట్టుకుని హారతి పళ్లెం పట్టుకుంది. వీధివీధంతా చేరి చూస్తోంది.

లోపల మెత్తలు వేసిన కుర్చీలు రెండు, గోడకు గడియారం, గూట్లో రేడియో. టేబుల్ ఫ్యాను తిరుగుతోంది. ఆ ఇంటికి కరెంటు కూడా లేదు, పక్కింటి నుంచి కిటికీలోంచి తీగ లాక్కొచ్చారు. వెండి గ్లాసుల్లో మజ్జిగ. వంటింటి గుమ్మంలో షావుకారు భార్య కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఆ గ్లాసులు, ఆ ఫ్యాను, ఆ తల్లి ఒంటి మీద చీర, అన్నీ ఆమె ఇంటివే. మా ముందు గ్లాసులు పెడుతుంటే ఆమె తల్లితో గుసగుసగా అనడం నాకు వినపడింది.

"కింద పడకుండా చూడు మే. సొట్ట పడితే ఆయప్ప నన్ను సంపుతాడు."

"చూస్తాండాలేక్కా. గమ్మునుండు, ఇంటారు."

"వాళ్లకు తెలుగొస్తాదా ఏమన్నా?"

"ఆ సార్‌కు వస్తాది గదా!"

అన్నిటికన్నా మించి మగ్గం. ఖాళీ మగ్గం మీద ఎర్రటి పెళ్లిచీర పరిచి ఉంది, జానెడు జరీ అంచుతో, ఇప్పుడే నేసి ఆపినట్టు. మగ్గం ఎరిగినవాడు ఎవడు చూసినా ఒక్క చూపులో తెలిసిపోతుంది, చీర వెనక నిలువుగా బిగించిన పడుగు నూలు లేదని. జర్మన్ వాళ్లకు ఏం తెలుస్తుంది? వాళ్ల కళ్లకు అది బంగారం నేసే ఇల్లు.

పిల్ల గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నా వైపు చూడలేదు.

ఓళిగలు, అదే బొబ్బట్లు, వడ్డించారు. చిత్రాన్నం, వడలు. తండ్రి నెయ్యి గిన్నె తానే పట్టుకున్నాడు.

"తినమనండి సార్. ఇంగో ఓళిగ ఏసుకోమనండి. ఆ కెమెరా ఆయప్ప ఏమీ తింటాండలేదు, నెయ్యి పడదా ఆయప్పకు?"

పెద్దావిడ మర్యాదగా రెండు ముద్దలు తిన్నది. కళ్లు మాత్రం ఫ్యాను మీద, వెండి మీద, తల్లి చీర మీద, మగ్గం మీద తిరుగుతున్నాయి. కుర్ర ఉద్యోగి రేడియో వైపు చూసి ఆమెను చూశాడు. ఇద్దరి చూపుల్లో రైసుమిల్లు కనపడింది నాకు.

ఇంక ఆగి లాభం లేదు. మొహం మీద నవ్వు చెరగకుండా, తిండిని మెచ్చుకుంటున్నట్టే కనిపిస్తూ, జర్మన్‌లో చెప్పేశాను. "అమ్మా, ఈ ఇంట్లో మీకు కనిపించేవేవీ వీళ్లవి కావు. వెండి, ఫ్యాను, కుర్చీలు, ఆమె కట్టుకున్న చీర, అన్నీ అడిగి తెచ్చుకున్నవి. పరువు గల ఇంటి పిల్ల అని మీరు అనుకోవాలని ఇట్లా చేశారు. ఈ మగ్గం నాలుగు నెలలుగా ఖాళీ."

తండ్రి చేతులు జోడించాడు. "ఏమంటాండారు సార్?"

"ఓళిగలు బాగుండాయని చెప్తాండా అన్నా."

పెద్దావిడ పళ్లెం కింద పెట్టింది. నన్ను కాసేపు చూసి పిల్ల వైపు తిరిగింది. నిదానంగా, ఒక్కో మాట విడదీసి అడిగింది. "మీ టీచరు చెప్పేది నిజమా? ఇవి మీవి కావా?"

ఆమె నేర్చిన భాషకు అది కాక ఇంకో పరీక్ష ఏముంటుంది? అవును అని ఒక్క మాట చాలు. చుట్టూ ఇంతమంది ఉన్నా ఆ మాట అర్థమయ్యేది మా నలుగురికే. తండ్రికి తెలియదు, తల్లికి తెలియదు, వాకిట్లో వీధికి తెలియదు. ఇంతకన్నా సులువుగా నిజం చెప్పుకునే అవకాశం ఏ మనిషికీ రాదు అనుకున్నాను.

తండ్రి ఆమెను చూసి తల ఊపాడు. "ఆయమ్మ ఏమో అడుగుతాండాది. చెప్పు పాపా, చెప్పు. భయపడద్దు. బాగా చెప్పు."

ఆమె తండ్రి మొహం చూసింది. తర్వాత పెద్దావిడ మొహం చూసి, ఒక్కచోట తడబడకుండా చెప్పింది. "కాదమ్మా. ఇవన్నీ మావే. మా మాస్టారు చాలా మంచివారు. నన్ను ఎలాగైనా పంపాలని అలా అంటున్నారు."

తొమ్మిది నెలలు నేర్పాను. అంత శుభ్రమైన జర్మన్ ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు.

తండ్రి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "బాగా చెప్పిందా సార్?"

"బాగా చెప్పిందన్నా."

పెద్దావిడ లేచి మగ్గం దగ్గరికి పోయింది. ఇట్లాంటి చీర ఒకటి నేయడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. చీర అంచు నా చేతికి అందేంత దూరంలో ఉంది. పట్టి ఎత్తితే కింద వట్టి కర్రలు. మాటలు అక్కరలేదు, ఎవరినీ నమ్మించే పనే లేదు. నా చెయ్యి ముందుకు పోయింది. పోవడం పిల్ల చూసింది.

ఆమె గబుక్కున గుంటలోకి దిగి మగ్గం ముందు కూర్చుంది. రెండు చేతులూ చీర మీద వేసి, కాళ్లతో కింది చెక్కలు తొక్కింది. పడుగు లేని మగ్గం చప్పుడు మీరు విని ఉండరు. బరువు లేకుండా టకటకమని కొట్టుకుంటుంది. వాకిట్లో అంతసేపూ గుసగుసలాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆగిపోయారు. అందరూ నేతవాళ్లే. ఆ చప్పుడుకు అర్థం వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు.

పెద్దావిడ ఆ పూటకు మొదటిసారి నవ్వింది. కుర్ర ఉద్యోగి ఫోటో తీశాడు. తండ్రి చీర చెంగు ముడత పడకుండా పట్టుకుని ఫోటోలో నిలబడ్డాడు.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎత్తి ఉండాల్సింది మాస్టారూ అని ఈ సంగతి విన్న మీలో ఒకరు నా మొహం మీదే అన్నారు. అనండి. తండ్రి ఎదుట, వీధి ఎదుట, ఆ పిల్ల రెండు చేతుల కింద నుంచి ఆ చీర లాగే దమ్ము మీకుంటే మీరు నాకన్నా గట్టివాళ్లు.

జీపు ఊరు దాటింది. అప్పుడు పెద్దావిడ అన్నది. "పోయిన ఏడు ఉన్నవాళ్లు లేనివాళ్ల వేషం వేశారు. ఈసారి టీచరే వేషం వేయించబోయాడు. ఆ అమ్మాయికి మాత్రం నిజాయితీ ఉంది. తన నష్టం చూసుకోకుండా నిజం చెప్పింది. కానీ ఆమెకు ఇది అవసరం లేదు. ఆ చోటు అవసరమైనవాళ్లకు ఇవ్వాలి."

నేను మళ్లీ మొదటినుంచి చెప్పాను. షావుకారు ఎవరో, పట్టు ఎవరిదో, తండ్రి ఎందుకు భయపడ్డాడో, అంతా. వంటశాలలో నేర్చుకున్న జర్మన్ కదా, కోపం వస్తే దానికి మర్యాద ఉండదు. గొంతు పెంచాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. అబద్ధమాడేవాడు పట్టుబడితే ఇట్లాగే అరుస్తాడని అనుకుని ఉంటుంది.

డ్రైవరు పక్కకు వంగాడు. "ఏమంటాండాది సార్ ఆయమ్మ?"

"ఎండగా ఉందంటాండాది."

"దానికి మీరు అంత గట్టిగా అరవాల్నా?"

ముగ్గురు పిల్లలను తీసుకున్నారు. ముగ్గురూ నిజంగా లేని ఇళ్ల పిల్లలే. వాళ్ల మీద నాకు ఏ పేచీ లేదు. తర్వాతి జట్టుకు నన్ను పిలవలేదు, వేరే ఊరి నుంచి ఎవరినో తెచ్చుకున్నారు. నేను గుంతకల్లు పోయి స్టేషన్ ఎదురుగా ఒక హోటల్లో వంటకు కుదిరాను. రైల్వేవాళ్లు నన్ను అక్కడా మాస్టరనే పిలిచేవాళ్లు, వంట మాస్టర్ని కాబట్టి.

ఆ వానాకాలం పిల్ల తండ్రి వెతుక్కుంటూ గుంతకల్లు వచ్చాడు. నా మీద కోపంతో వచ్చాడేమో అనుకున్నాను. కాఫీ ఇస్తే గ్లాసు చేతుల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. తాగలేదు.

"మా ఇల్లు వాళ్లకు ఆనలేదు గదా సార్."

"అట్ల కాదన్నా."

"మొగమాటం లేకుండా చెప్పండి. ఏం తక్కువైంది? కుర్చీలా? పైవీధిలో మా మామ ఇంట్లో బీరువా ఉండె సార్, అద్దం బీరువా. మోసుకొచ్చేకి మనుషులను పిలవాల గదా అని ఊరకుండిపోయినా. అది పెట్టింటే ఆనిండునేమో."

"చోట్లు తక్కువ పడినాయన్నా. అంతే. ఇల్లు బాగుందనే అన్నారు."

"అన్నారా?"

"అన్నారు."

ఆయన తల ఊపి కాఫీ తాగాడు. పోతూ పోతూ వీధి మొగలో ఒకసారి ఆగాడు. బీరువా సంగతే ఆలోచిస్తున్నాడని వెనక నుంచి చూసినా తెలిసింది. ఆయన మళ్లీ మగ్గం ఎక్కలేదు. చూపు పోయింది. ఎనభైల్లో పోయాడని విన్నాను. నాకు కబురు అందేసరికి అన్నీ అయిపోయాయి.

పిల్లను ఇంకొక్కసారే చూశాను. అదీ ఎనభైల్లోనే. పుట్టపర్తిలో ఒక లాడ్జీకి వంటవాడు కావాలంటే మాట్లాడుకోవడానికి పోయాను. మెట్ల మీద బకెట్, గుడ్డ పెట్టుకుని తుడుస్తున్నామె తలెత్తి చూసి లేచి నిలబడింది.

"సార్! మీరా!"

చేతులు తడిగా ఉన్నాయి, చెంగుకు తుడుచుకుంది. మెట్ల పక్కన కూర్చున్నాం. తల్లి ఆమె దగ్గరే ఉంటోందని చెప్పింది. నేను అడిగేశాను. అడక్కుండా ఉండే గుణం నాకు లేదు.

"ఆ దినం అవునని యాల చెప్పలేదు? మీ నాయనకు ఆ మాట తెలిసేదా ఏమన్నా?"

"మాట తెల్దు సార్. చూపు తెలుస్తాది. అవునంటే ఆ దొరసానమ్మ ఆ గ్లాసును ఇంగోరకంగా చూసుండేది. మా అమ్మ చీరను ఇంగోరకంగా చూసుండేది. మా నాయన కనిపెట్టేసుండేవాడు సార్. జల్లెడ పట్టినట్టు చూసేవాడు కొనేవాళ్ల మొగాలు, బతుకంతా అదే పని. చీర నచ్చిందా లేదా అని."

"ముందే తీసెయ్యమని చెప్పి ఉండొచ్చు గదా."

"నేను ఇంటికి వచ్చేతలికి అంతా తెచ్చి పెట్టేసినాడు. ఎట్లుండాది పాపా అని అడిగినాడు. ఏమని చెప్పేది?"

పైన గదుల్లోంచి మాటలు వినపడ్డాయి. జర్మన్. భార్యాభర్తలు, దుప్పట్లు మార్చలేదని ఒకరితో ఒకరు సణుక్కుంటున్నారు. నాకు అర్థమైంది. ఆమెకూ అర్థమైందని మొహంలో తెలిసింది. లేచి, దుప్పట్ల కోసం లోపలికి కేక వేసింది.

"వాళ్లతో మాట్లాడవా?" అన్నాను.

"మాట్లాడను సార్."

"మాట్లాడితే ఇంగో నాలుగు దుడ్లన్నా ఇస్తారు. యజమానికి తెలిస్తే మంచి పని ఇస్తాడు."

"మాట్లాడితే యాడ నేర్చుకున్న్యావు, పోలేదేమి అని అడుగుతారు. నేను చెప్పాల్నా?" బకెట్ అందుకుంది. "మీరు ఈ లాడ్జీలో చేరద్దు సార్. జీతం సరిగా ఇయ్యరు."

నేను చేరలేదు. జీతం సరిగా ఇవ్వరనే చేరలేదని మీకు చెప్పుకోవచ్చు.

పేర్లు రాయలేదేమని అడగకండి. ధర్మవరం చిన్న ఊరు కాదు గానీ, ఆ వీధి చిన్నదే. ఆ మంగళవారం ఆ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో మాత్రం చెప్తాను. జర్మనీ నుంచి వచ్చిన పెద్దావిడ. ఫోటో తీసిన కుర్ర ఉద్యోగి. గడప బయట నిలబడి మజ్జిగ తాగిన జీపు డ్రైవరు. వంటింటి గుమ్మంలో తన గ్లాసుల మీద కన్నేసి కూర్చున్న షావుకారు భార్య. ఆ చప్పుడు విని మాట్లాడకుండా నిలబడిపోయిన వీధిలోని నేతవాళ్లు. తనది కాని చీరలో చెమట పడుతూ, చెంగుతో తుడుచుకోవడానికి వెనకాడుతున్న తల్లి. గుంటలో కూర్చుని పోగు లేని మగ్గం ఆడిస్తున్న పిల్ల. ఆమె ఏం చెప్పిందో తెలియక, చెప్పిన తీరు చూసి పొంగిపోతూ, చీర చెంగు పట్టుకుని నిలబడ్డ తండ్రి. ఆయన పక్కన నేను, ఆమెకు ఆ భాష నేర్పినవాణ్ని.